మీ ఇంట్లో ఆ ‘టీ’ బటన్ ఎప్పుడైనా నొక్కారా?

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన వానాకాలం మా ఇంట్లో పొద్దున్నే మెయిన్ పడిపోయేది. పైకి ఎత్తితే కాసేపు నిలబడేది, మళ్ళీ పడేది. పిల్లలు స్కూలుకు తయారయ్యే టైములో రోజూ ఇదే టెన్షన్. ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే పది నిమిషాలు చూసి, కరెంటు లీకైతే లైను కట్ చేసే ఈఎల్‌సీబీ పాడైంది, ఇది ఉన్నంతకాలం ఇదే గొడవ అని చెప్పి, దాన్ని తప్పించి వైర్లు డైరెక్ట్ చేసేశాడు. మేమూ హమ్మయ్య అనుకున్నాం. దీపావళి అయ్యాక ఒక రోజు మా ఆవిడ బాత్రూమ్‌లో కుళాయి తిప్పబోయి ఒక్క కేక పెట్టింది. చెయ్యంతా జిల్లుమందట. విప్పి చూస్తే గీజర్ కాయిల్ చిట్లి కరెంటు నీళ్ళలోకి దిగుతోంది, ఎర్త్ వైరు తుప్పు పట్టి ఊడిపోయేలా ఉంది. అన్నాళ్ళూ ఆ ఈఎల్‌సీబీ పడిపోయింది ఈ లీకు పట్టుకునే. దాన్ని తీయించింది మేమే. ఆవిడకు ఏమీ కాలేదు కాబట్టి ఈ ఉత్తరం రాయగలుగుతున్నాను.

చాలామంది బోర్డులో ఎంసీబీ స్విచ్ ఉంది కదా, చాలు అనుకుంటారు. లోడు ఎక్కువైనా, షార్ట్ అయినా ఎంసీబీ పడుతుంది, నిజమే. మనిషికి షాక్ కొడితే మాత్రం దానికి తెలియదు. 16 ఆంపియర్ల ఎంసీబీకి మన ఒంట్లోంచి పోయే కరెంటు లెక్కలోకే రాదు. 60 వాట్ల బల్బు వెలగడానికి సుమారు 260 మిల్లీ ఆంపియర్లు కావాలి, మనిషి ప్రాణానికి అందులో సగం కూడా అక్కర్లేదు. ఈఎల్‌సీబీ (ఇప్పుడు వచ్చేవాటి మీద ఆర్‌సీసీబీ అని ఉంటుంది, మన నోటికి మాత్రం పాత పేరే) ఫేజ్‌లో వెళ్ళిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి వస్తోందా లేదా అని చూస్తూ ఉంటుంది. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరితే సెకనులో మూడో వంతు కూడా గడవకముందే లైను కట్ చేయాలి. ఇళ్ళకు 30 దాటకూడదని సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ నిబంధనల్లోనే ఉంది. కొనేటప్పుడు దాని మీద 100 అని ఉందా, 30 అని ఉందా ఒకసారి చూసుకోండి.

ఇక అసలు సంగతి. ఈ ఈఎల్‌సీబీ ఏళ్ళ తరబడి కదలకుండా ఉంటే లోపలి మీట బిగుసుకుపోవచ్చు. పెదవాల్తేరు, లాసన్స్ బే, ఎంవీపీ కాలనీల్లో కిటికీ చువ్వలు, గేటు బందులు ఎలా తుప్పు పడతాయో మనకు తెలుసు, ఉప్పుగాలికి స్విచ్‌బోర్డు ఒక లెక్కా? దాని మీద ఇంగ్లీషులో ‘టీ’ (T) అని రాసి చిన్న బటన్ ఉంటుంది. కరెంటు ఉన్నప్పుడు నొక్కాలి. టక్కున పడిపోవాలి. పడకపోతే ఆ రోజే మార్పించండి. కంప్యూటర్ లాంటివి ముందే ఆపేసి నెలకోసారి నొక్కితే చాలు, అర నిమిషం పని.

అయితే బటన్‌కి పడింది కదా అని ఎర్త్ కూడా బాగుందని అనుకోకండి. ఆ బటన్ లోపలే చిన్న లీకు సృష్టిస్తుంది, ఇంటికి ఎర్త్ లేకపోయినా పడిపోతుంది. ఎర్త్ వేరుగా చూపించుకోవాలి. ఎన్ని మిల్లీ ఆంపియర్లకు, ఎంతసేపటికి పడుతోందో కొలిచే టెస్టర్ ఉంటుంది, ఏడాదికోసారి దానితో కూడా చూపిస్తే మంచిది. ఫేజ్, న్యూట్రల్ రెండూ ఒకేసారి పట్టుకుంటే మాత్రం ఇది కాపాడలేదు, పిల్లలకు ఆ మాట చెప్పి ఉంచండి.

ఎలక్ట్రీషియన్ సోదరులకు ఒక్క మాట. పదే పదే పడుతుంటే గీజరు, మోటారు, వాషింగ్ మెషిన్ ఒక్కొక్కటీ తీసి చూడండి, ఇన్వర్టర్ న్యూట్రల్ ఇంటి న్యూట్రల్‌తో కలిసిందేమో చూడండి. టైము పడుతుంది, దానికి తగ్గ డబ్బు అడగండి, ఇస్తాం. దయచేసి డైరెక్ట్ మాత్రం చేయకండి.

మనకు కరెంటు సరఫరా చేసే ఈపీడీసీఎల్ కేంద్ర కార్యాలయం మన ఊళ్ళోనే ఉంది. నెలనెలా ఇంటికొచ్చే కరెంటు బిల్లు మీద ‘ఈ నెల టీ బటన్ నొక్కారా?’ అని తెలుగులో ఒక్క లైను అచ్చు వేయమని వారిని కోరుతున్నాను. అపార్ట్‌మెంట్ సంఘాల వాళ్ళు కూడా మెయింటెనెన్స్ వసూలు చేసే రోజునే ఇంటింటా ఇది అడగొచ్చు, మా అపార్ట్‌మెంట్‌లో ఈ నెల నుంచి మొదలుపెడుతున్నాం.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పెదవాల్తేరు, విశాఖపట్నం