శనివారం బస్సు ఎందుకు ఆపానంటే

మన హైదరాబాద్–కందుకూరు నైట్ సర్వీసు రెగ్యులర్ ప్రయాణికులకు,

మొన్న శనివారం రాత్రి బస్సు బయలుదేరే ముందు రద్దయింది. టికెట్ డబ్బులు అందరికీ తిరిగి వేశాం. ఇంజన్ ట్రబుల్ అని కొందరు అనుకుంటున్నారు. బండికి ఏమీ కాలేదు. నేనే ఆపించాను.

మీలో చాలామంది బాబాయ్ అని పిలిచే మా పాత డ్రైవర్ ఉగాది తర్వాత మానేశారు. జీతం గొడవ కాదు. పగలు నిద్ర పట్టడం లేదు, రాత్రి స్టీరింగ్ ముందు కూర్చుంటే గుండె దడ. ఇంట్లో ఊరికే అరుస్తున్నానని ఆయనే బాధపడ్డారు. మియాపూర్ నుంచి ఎల్‌బీనగర్ దాకా ట్రాఫిక్, ప్రతి పాయింట్‌లోనూ "ఎక్కడున్నారు, ఇంకెంతసేపు" అని ఫోన్లు. హైవే ఎక్కకముందే మనిషి అలిసిపోతాడు. అసలు డ్రైవింగ్ మొదలయ్యేది అక్కడినుంచే.

ఆయన బదులు డ్రైవర్లను పంపుతానని ఒక ఏజెంట్ అడ్వాన్స్ తీసుకున్నాడు. నేను పెట్టిన షరతు ఒక్కటే: రాత్రి మా బండి ఎక్కేవాడు పగలు పడుకుని రావాలి. సరేనన్నాడు. శనివారం వచ్చిన కుర్రాడి కళ్లు ఎర్రగా ఉన్నాయి. టీ ఇప్పించి అడిగితే చెప్పాడు. రాత్రంతా తిరుపతి నుంచి వేరేవాళ్ల బండి తోలుకొచ్చాడు, మధ్యాహ్నం పెళ్లివాళ్ల ట్రిప్పు వేశాడు, అటునుంచి అటే మా దగ్గరికి వచ్చాడు.

ఏజెంట్‌కి ఫోన్ చేశాను. "వాడు మందు తాగలేదు కదా సార్, కావాలంటే ఊదించుకోండి. అందరూ ఇలాగే నడుపుతున్నారు" అన్నాడు. ఆ మాటకు నాకు ఒళ్లు మండింది. 1997లో నేచర్ పత్రికలో ఆస్ట్రేలియా పరిశోధకులు రాసిన విషయం ఒకటుంది. వరుసగా 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి పనితీరు, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి పడిపోతుందట. మన దేశంలో 30 దాటితేనే కేసు. నిద్రలేమిని ఏ మిషన్‌లో ఊదించాలి? రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పని అని 1961 మోటారు రవాణా కార్మికుల చట్టంలోనే రాశారు. ఈ లైన్లో ఆ లెక్క చూసేవాళ్లు ఎంతమంది?

బస్సు ఫుల్. ఒకాయన నాన్నగారి సంవత్సరీకానికి వెళ్తున్నారని నాకు తెలుసు. నేనే తోలదామా అనుకున్నాను, కానీ పొద్దుటి నుంచి నేనూ కూర్చున్నది లేదు. వేరే డ్రైవర్ కోసం తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేశాను, దొరకలేదు. నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు తెల్లవారుజామున ఎలా ఉంటుందో తెలుసు. ముందు లారీ టెయిల్ లైట్లు తప్ప ఏమీ కనిపించదు, కళ్లు వాటంతటవే మూతపడతాయి. ఆ కుర్రాణ్ణి మా ఆఫీసులోనే పడుకోమన్నాను.

"నడపడం చేతకాకపోతే మూసుకోండి" అని ఒకరు మెసేజ్ పెట్టారు. చాలా బాధ కలిగింది. మీరు పడ్డ ఇబ్బందికీ బాధగానే ఉంది. బస్సు ఆపినందుకు మాత్రం సారీ చెప్పను. మళ్లీ అలాంటి రాత్రి వస్తే మళ్లీ ఆపుతాను.

ఆ ఏజెంట్‌తో తెగతెంపులు అయిపోయాయి. అడ్వాన్స్ ఇంకా రాలేదు, వదిలిపెట్టను. సొంతంగా ఇద్దరు డ్రైవర్లను జీతానికి పెట్టుకున్నాను, ఒకరు తోలిన మర్నాటి రాత్రి ఇంకొకరు తోలతారు. సిటీలో బండి తిప్పడానికి వేరే మనిషి ఉంటాడు, నైట్ డ్రైవర్ ఎల్‌బీనగర్‌లో ఎక్కుతాడు. ఎండాకాలం పగలు బస్సులోనే పడుకునే పద్ధతి ఇక ఉండదు, కందుకూరులో ఫ్యాను, కూలర్ ఉన్న గది తీసుకున్నాం. పిడుగురాళ్ల దగ్గర అరగంట ఆగుతాం.

అందువల్ల కందుకూరు చేరేసరికి 6 అవుతుంది, ఇదివరకటిలా 5 కాదు. మంగళవారం సర్వీసు ఉండదు. టికెట్ 100 రూపాయలు పెరుగుతుంది. డ్రైవర్ నంబర్ ఇక ఎవరికీ ఇవ్వం. బస్సు ఎక్కడుందో కావాలంటే టికెట్ మీదున్న ఆఫీసు నంబర్‌కే చేయండి, రాత్రంతా ఎవరో ఒకరు ఎత్తుతారు. పొద్దున్నే చేరాల్సినవాళ్లు ముందు బయలుదేరే వేరే బస్సు చూసుకోండి, ఏమీ అనుకోం. పెరిగిన రేటు వచ్చే నెల ఒకటో తేదీ నుంచి. ఈలోపు బుక్ చేసుకున్నవాళ్లకు పాత రేటే.