వీసా ఒట్టావా ఇచ్చింది, ఫీజు ఎవరు తిన్నారు?

ఎడిటర్ గారికి నమస్కారం. పోయిన వారం కెనడా మన స్టూడెంట్స్‌కి తలుపులు మూసేసిందని మీరు వేసిన వార్త మా చుట్టాల వాట్సాప్ గ్రూపుల్లో ఇంకా తిరుగుతూనే ఉంది, చూసి చూసి ఉండబట్టలేక రాస్తున్నా.

తప్పంతా ఒట్టావాదే, అంటే కెనడా కేంద్ర ప్రభుత్వానిదే అన్నట్టు రాశారు. 2024 జనవరిలో అప్పటి ఇమిగ్రేషన్ మంత్రి మార్క్ మిల్లర్ స్టడీ పర్మిట్లు 35 శాతం కోశాడు, మన రాష్ట్రం లాంటి మా ఒంటారియో ప్రావిన్స్‌కైతే దాదాపు సగం పోయాయి. ఖర్చులకి చూపించాల్సిన డబ్బు 10,000 డాలర్లుండేది, 20,635 చేసి మళ్ళీ 22,895 చేశారు. ఇప్పుడు ప్రధాని కార్నీ ప్రభుత్వం 2026కి కొత్త స్టూడెంట్స్ 1,55,000 మంది చాలంటోంది. ఇదంతా నిజమే, కాదనను. కానీ అంత పెద్ద వార్తలో మా ఒంటారియో ప్రీమియర్ (ముఖ్యమంత్రి లాంటివాడు) డగ్ ఫోర్డ్ పేరు ఒక్కసారి కూడా లేదేంటండీ?

ఇక్కడ వీసా ఫెడరల్ వాళ్ళది, చదువు ప్రావిన్స్‌ది. 2019లో ఫోర్డ్ గారు లోకల్ పిల్లల ఫీజు 10 శాతం తగ్గించి అక్కడే ఫ్రీజ్ చేశారు, చప్పట్లు బాగానే పడ్డాయి, మరి ఆ లోటు ఖజానాలోంచి పూడ్చారా అంటే లేదు. కాలేజీలు ఏం చేస్తాయి, బయటి దేశాల పిల్లల మీద పడ్డాయి, వాళ్ళ ఫీజుకి ఆ ఫ్రీజ్ లేదుగా! కాలేజీల ట్యూషన్ ఆదాయంలో 68 శాతం వాళ్ళ నుంచే వస్తోందని ప్రావిన్స్ ఆడిటర్ జనరలే 2021లో రాసింది. ఎవరైనా చదివారో లేదో. ఎక్కడో ఉత్తరాన ఉన్న గవర్నమెంట్ కాలేజీ పేరు చెప్పి టొరంటో దగ్గర ప్రైవేటు వాళ్ళతో క్లాసులు నడిపించారు, అప్పుడు ఎవరికీ నొప్పి లేదు.

ఒట్టావాని వెనకేసుకొస్తున్నానని అనుకోకండి, ఏళ్ల తరబడి అడిగినవాడికల్లా పర్మిట్లిచ్చి, అద్దెలు పెరిగి సర్వేల్లో ఓట్లు జారుతుంటే అప్పుడు మెలకువొచ్చింది వాళ్ళకి. ఇప్పుడు క్వీన్స్ పార్క్ వాళ్ళు, అంటే ఒంటారియో ప్రభుత్వం, ఒట్టావాని చూపిస్తారు, ఒట్టావా వాళ్ళు క్వీన్స్ పార్క్‌ని చూపిస్తారు, ఆడలేక మద్దెల ఓడన్నట్టు. మధ్యలో ఇల్లు తాకట్టు పెట్టి ఫీజు కట్టిన మనోళ్ళు బ్రాంప్టన్ బేస్‌మెంట్లలో గదికి ముగ్గురు నలుగురు పడుకుని, అద్దెలు పెంచింది మీరేనని తిట్లు తింటున్నారు. వాళ్ళ డబ్బులు ఆగేసరికి ఒంటారియో కాలేజీల్లో 10,000కి పైగా ఉద్యోగాలు, 600కి పైగా కోర్సులు పోయాయని 2025లో లెక్క బయటికొచ్చింది. అంటే లోకల్ పిల్లల కోర్సులు కూడా ఇన్నాళ్ళూ ఎవరి డబ్బుతో నడిచాయో చూడండి, దీనికి థాంక్స్ చెప్పిన మంత్రి ఒక్కడైనా ఉన్నాడా?

మీ విలేకరిని ఈసారి ప్రావిన్స్ బడ్జెట్ కూడా ఓసారి తిరగేయమనండి. అన్నట్టు ఆ వార్త కిందే కెనడా వీసా గ్యారంటీ అని ఒక కన్సల్టెన్సీ ప్రకటన వేశారు, తలుపులు మూసేస్తే మరి గ్యారంటీ ఎక్కడిదో వాళ్ళని అడిగి అదీ వేయండి.

- ఒక పాఠకుడు, బ్రాంప్టన్, ఒంటారియో