చూడని షోకి ఎన్ని స్టార్లు ఇమ్మంటారు?

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: ఎడిన్‌బరో టికెట్ల గురించి, మళ్ళీ.

అయ్యా/అమ్మా,

ఈ ఉత్తరం మీదాకా వస్తుందన్న నమ్మకం లేదు. మీ చాట్‌బాట్‌తో వాదించే ఓపిక కూడా అయిపోయింది కాబట్టి రాస్తున్నాను.

జరిగింది చిన్నదే. ఆగస్టులో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో జరిగే ఫ్రింజ్ కళల పండుగలో, ఒక యూత్ కాయిర్ (బృందగానం చేసే పిల్లలు) వేసే రాక్ మ్యూజికల్‌కి, అంటే పాటల నాటకానికి, మీ దగ్గర టికెట్లు కొన్నాం. అక్కడ చర్చి హాళ్ళు, పబ్బుల మేడలు అన్నీ వేదికలే కాబట్టి ప్రతిదానికీ ఒక నంబర్ ఉంటుంది. మీరు పంపిన టికెట్ మీద ఆ నంబరే తప్పు. రాయల్ మైల్ అనే వీధిలో జనాన్ని తోసుకుంటూ అసలు హాలు చేరేసరికి షో మొదలైపోయింది. ఆలస్యమైతే లోపలికి పంపరు. డ్రమ్ములు, పిల్లల కోరస్ తలుపు ఇవతల నుంచే విన్నాం. అంతవరకైతే వదిలేసేవాణ్ణే. తర్వాత మీవాళ్ళు నాకు చూపించిన మ్యూజికల్‌ని మాత్రం వదల్లేను.

అక్కడే నిలబడి మీ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే, రాత్రి తొమ్మిదితో పని వేళలు ముగిశాయని రికార్డు. అది మన దేశపు తొమ్మిది! అక్కడ సాయంత్రం ఆరున్నర అంటే మీకు రాత్రి పదకొండు. విదేశీ షోలకు టికెట్లు అమ్మి, ఆ షోల వేళకు నిద్రపోతారన్నమాట.

తిరిగొచ్చాక దొరికిన అబ్బాయి "షో క్యాన్సిల్ అయిందా సార్?" అన్నాడు. లేదన్నాను. "మరి జరిగింది కదా సార్" అని పెట్టేశాడు. తర్వాతి అమ్మాయి మర్యాదస్తురాలు. నా బాధ తనకు అర్థమైందని మాటిమాటికీ చెబుతూనే, మేం లోపలికి వెళ్ళలేదని ఆ హాలువాళ్ళతో రాయించుకు రమ్మంది. మళ్ళీ స్కాట్లాండ్ వెళ్ళాలేమో! ఇంకొకాయన ఇది ఈవెంట్ల విభాగం చూడాలన్నాడు, ఈవెంట్ల వాళ్ళు ఇంటర్నేషనల్ విభాగం అన్నారు, వాళ్ళు నన్ను భద్రంగా తీసుకెళ్ళి మొదటి అబ్బాయికే కలిపారు. మీ హోల్డ్ మ్యూజిక్ నాకిప్పుడు కంఠతా వచ్చు. కావాలంటే ఆఫీసుకొచ్చి పాడతాను.

చివరికి ఫిర్యాదు "పరిష్కరించబడింది" అని మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారో రాయలేదు. దాని వెనకే ఈమెయిల్: "షో ఎలా ఉంది? ఎన్ని స్టార్లు ఇస్తారు?"

మా నాన్నగారి కాశీ యాత్ర నుంచి మా అమ్మాయి హనీమూన్ దాకా మీ దగ్గరే బుక్ చేశాం. వేరేచోట చవకన్నందుకు మా బావమరిదితో మీ తరఫున పోట్లాడినవాణ్ణి. ఇప్పుడు వాడు కనిపిస్తే నేనే పక్కకు తప్పుకుంటున్నాను.

డబ్బు ఇస్తారో, ఇంకేం చేస్తారో మీరే తేల్చండి. ముందు పేరు చెప్పుకునే మనిషి ఎవరైనా నాకు ఫోన్ చేయాలి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు పడుకుంటాను, అప్పుడు వద్దు.

లేదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయడం నాకూ వచ్చు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం నేనుండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, ఈపాటి మొత్తానికి ఫీజు కూడా లేదు. రిటైరైనవాణ్ణి, తీరికకు లోటు లేదు.

ఇట్లు,
మీ పాత కస్టమర్ (ప్రస్తుతానికి)