శాఖలు విడిపోయాయి సరే, మెంటార్ ఫైలు ఎవరి దగ్గరుంది?

సంపాదకులకు,

ఇంజినీరింగ్ కళాశాలల్లో నిన్నటిదాకా ఒక్కటిగా ఉన్న సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) ఇప్పుడు ఏఐఎంఎల్ (కృత్రిమ మేధ, మెషీన్ లెర్నింగ్), డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ అంటూ మూడు నాలుగు శాఖలైంది. ఒక్కోదానికి ఒక హెచ్ఓడీ (శాఖాధిపతి), ఒక గది, ఒక నోటీసు బోర్డు. 2024-25 నుంచి బ్రాంచి సీట్లకు ఉన్న గరిష్ఠ పరిమితిని సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ ఎత్తేశాక వీటిలో సెక్షన్లు ఇంకా పెరిగాయి. పాఠాలకు పెద్దగా వచ్చిన ఇబ్బందేమీ లేదు, చాలా సబ్జెక్టులు ఉమ్మడివే. దెబ్బతిన్నది మెంటార్ వ్యవస్థ, అంటే కొందరేసి విద్యార్థుల చదువు, హాజరు ఒక్కో అధ్యాపకుడు కనిపెట్టుకుని ఉండే ఏర్పాటు. పంపకాలప్పుడు ల్యాబులు, సిస్టములు ఎవరికెన్నో రాసుకుంటారు గానీ, ఏ విద్యార్థి ఎవరి బాధ్యతో రాసుకోరు.

తెగేది ముఖ్యంగా మొదటి ఏడాదికీ రెండో ఏడాదికీ మధ్య. మొదటి ఏడాది పిల్లలు హెచ్ అండ్ ఎస్ (హ్యుమానిటీస్ అండ్ సైన్సెస్) శాఖ కింద ఉంటారు. లెక్కలు, ఫిజిక్స్, ఇంగ్లిష్ మాస్టార్లే మెంటార్లు. రెండో ఏడాది బ్రాంచికి వెళ్లాక కొత్త మెంటార్ వస్తాడు, పాత ఫైలు మాత్రం పాత బీరువాలోనే ఉండిపోతుంది. ‘మ్యాట్రిసెస్ అండ్ కాలిక్యులస్’ అనే లెక్కల పేపరు తప్పిన కుర్రాడి సంగతి చూడండి. సప్లీ (తప్పిన పేపరు మళ్లీ రాసే పరీక్ష) ఫీజు నోటీసు హెచ్ అండ్ ఎస్ బ్లాకులో అంటిస్తారు, అతను కూర్చునేది వేరే బ్లాకులో. గడువు దాటితే పేపరు మళ్లీ వచ్చేదాకా ఆగాలి. పోయేవి నాలుగు క్రెడిట్లు, అంటే ఆ సబ్జెక్టు పాసైతే ఖాతాలో చేరే పాయింట్లు.

ఆ నాలుగు క్రెడిట్ల విలువేమిటో జేఎన్‌టీయూ హైదరాబాద్ 2022-23లో తెచ్చిన ఆర్22 రెగ్యులేషన్ (చదువు, పరీక్షల నిబంధనలు) చూస్తే తెలుస్తుంది. రెండో ఏడాదికి వెళ్లడానికి 40లో 20 క్రెడిట్లు చాలు. మూడో ఏడాదికి మాత్రం మొత్తం 80లో 48 కావాలి. అంటే బొటాబొటిగా 20తో గట్టెక్కినవాడు పాత బ్యాక్‌లాగ్‌లు ముట్టుకోకపోతే, రెండో ఏడాది 40లో 28 తెచ్చుకోవాలి. సగం వస్తే చాలన్న మొదటి ఏడాది లెక్కే ఇంకా నడుస్తోందనుకుని మునిగేవాళ్లు చాలామంది. స్వయంప్రతిపత్తి ఉన్న కళాశాలల్లో అంకెలు వేరు కావచ్చు, ఈ పొరపాటు మాత్రం అంతటా ఒకటే.

హాజరు సంగతీ అంతే. 75 శాతం ఉండాలి. 65 నుంచి 75 మధ్య ఉంటే తగిన కారణం చూపి కండోనేషన్ (మినహాయింపు). అంతకంటే తగ్గితే డిటెన్షన్, అంటే ఆ సెమిస్టరు మళ్లీ చదవాలి. సెమిస్టరుకు 90 పనిదినాలనుకుందాం. 40వ రోజుకు సగమే హాజరైన విద్యార్థి, ఆపైన ఒక్క రోజూ మానకపోతే 77 శాతం దాటతాడు. అదే 60వ రోజున మేల్కొంటే, చివరిదాకా రోజూ వచ్చినా 67 శాతం దగ్గరే ఆగుతాడు. రెండో మిడ్ (సెమిస్టరులో జరిగే రెండో అంతర్గత పరీక్ష) అయ్యాక తల్లిదండ్రుల్ని పిలిపించడం దేనికో మాకు అర్థం కాదు. పిలవాల్సింది 40వ రోజున.

ఎవరి జాబితాలోనూ కనిపించనివాళ్లు మరో రెండు రకాలున్నారు. ఈసెట్ అనే ప్రవేశ పరీక్షతో నేరుగా రెండో ఏడాదిలో చేరే డిప్లొమా విద్యార్థులకు మొదటి ఏడాది ఫైలే ఉండదు. ఆర్22లో వాళ్ల డిగ్రీకి కావాల్సింది 160 కాదు, 120 క్రెడిట్లని చెప్పేవాళ్లూ ఉండరు. రెండోవాళ్లు డిటైనై జూనియర్లతో కలిసినవాళ్లు. ఈలోగా రెగ్యులేషన్ మారితే, ఆర్18 నుంచి ఆర్22కు మారినప్పటిలా, చదివేసిన సబ్జెక్టు కొత్త సిలబస్‌లో మరో పేరుతో మళ్లీ ఎదురవ్వచ్చు, కొత్తగా రాయాల్సినవీ ఉండొచ్చు. ఈ సరిపోల్చే పట్టిక పరీక్షల విభాగంలో ఉంటుంది, మెంటార్ చేతిలో ఉండదు.

దీనికి కొత్త కమిటీలేవీ అక్కర్లేదు. 60 మంది సెక్షన్‌కు ముగ్గురు మెంటార్లు, ఒక్కొక్కరికి 20 మంది, నాలుగేళ్లూ వాళ్లే. మెంటార్ కోడింగ్ తెలిసినవాడే కానక్కర్లేదు. సివిల్, మెకానికల్ శాఖల్లో అడ్మిషన్లు తగ్గి ఖాళీ పీరియడ్లు మిగిలిన అధ్యాపకులుంటే, ఈ పని వాళ్లకిచ్చినా నష్టం లేదు. రెగ్యులేషన్ పుస్తకం క్షుణ్ణంగా చదివి ఉంటే చాలు. కావాల్సింది టైంటేబుల్‌లో వారానికి ఒక పీరియడ్, అదీ శనివారం ఆఖరి గంట కాకుండా. ఆ గంటలో పిల్లలెవరూ ఉండరని అందరికీ తెలుసు, అయినా చాలాచోట్ల అదే ఇస్తారు.

ఫైలంటే లావుపాటి రిజిస్టరు కూడా కాదు, ఒక్క పేజీ: రెగ్యులేషన్ పేరు, వచ్చిన క్రెడిట్లు, మిగిలిన సబ్జెక్టులు, వాటి సప్లీ ఫీజు గడువు, 40వ రోజు హాజరు. కళాశాలలకు గ్రేడులిచ్చే న్యాక్ బృందం రావడానికి వారం ముందు నాలుగేళ్ల సంతకాలూ ఒకే పెన్నుతో పెట్టించే పుస్తకాల కంటే ఈ పేజీ వెయ్యి రెట్లు నయం. రెండో ఏడాది తరగతులు మొదలయ్యే నాటికి ఈ పేజీలు హెచ్ అండ్ ఎస్ నుంచి బ్రాంచికి చేరాలి, ఇద్దరు హెచ్ఓడీలూ సంతకం పెట్టాలి. ఈసెట్ విద్యార్థులకు చేరిన రోజే పేజీ తెరవాలి. ఈ అప్పగింత జరిగిందో లేదో అనుబంధ కళాశాలల తనిఖీకి వచ్చే విశ్వవిద్యాలయ బృందాలు అడగాలని కోరుతున్నాం.

— కొందరు ఇంజినీరింగ్ అధ్యాపకులు, హైదరాబాద్