22 ఎకరాల శనగ చేనుకు తప్పు దిగుబడి పటం ఇచ్చినందుకు ఫిర్యాదు

బెంగళూరు,
2025 జూలై 7.

కస్టమర్ సేవల విభాగాధిపతి గారికి,

విషయం: కోత మిషన్ డేటాను మీ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించినప్పుడు వచ్చిన తప్పులు, వాటిని నమ్మి మేము పెట్టిన ఖర్చు, మా డేటా మాకు తిరిగి ఇవ్వకపోవడం గురించి.

అయ్యా,

నేను మారతహళ్లిలో ఉంటాను. మీ ఆఫీసు ఇక్కడికి గంట ప్రయాణం. ఇంగ్లీషులో ఒక మెయిల్ పెట్టడం నాకు కష్టం కాదు, నాలుగు పెట్టాను కూడా. కానీ ఈ ఉత్తరం మా నాయన చదివి సంతకం పెట్టాలి. ఆయనకు మీరు ఈ సాఫ్ట్‌వేర్ అమ్మింది తెలుగు కరపత్రం చూపించి, ఫోన్‌లో తెలుగులో మాట్లాడి. అందుకే తెలుగులో రాస్తున్నాను. జవాబు కూడా తెలుగులోనే ఇవ్వండి.

మాది నంద్యాల జిల్లా, కోయిలకుంట్ల దగ్గర పల్లె. నల్లరేగడిలో 22 ఎకరాలు ఒకే చెక్క, ఒక పక్క వాగు, ఇంకో పక్క బండ్లదారి, మధ్యలో కొంత మిట్ట. కిందటి అక్టోబరులో ఎన్‌బీఈజీ 47 శనగ వేశాం. ఆ రకం నంద్యాల పరిశోధన స్థానం వాళ్లది. మొక్క నిటారుగా ఎత్తు పెరుగుతుంది గనుక మిషన్‌తో కోయవచ్చు. కూలీలు దొరకని మా ఊళ్లలో అది పెద్ద సాయం. ఫిబ్రవరిలో బాడుగకు తెచ్చిన కోత మిషన్‌కు దిగుబడి మానిటర్ ఉంది. గింజలు పైకెక్కే ఎలివేటర్ చివర ఒక పలక ఉంటుంది, గింజలు దాన్ని కొట్టే జోరును బట్టి ఎంత బరువు పోతున్నదీ మానిటర్ లెక్క కడుతుంది. ప్రతి సెకనుకూ ఆ బరువు, మిషన్ నడిచే వేగం, జీపీఎస్ చూపే చోటు కలిపి ఒక చుక్కగా రాసుకుంటుంది. మా చేనుకు 22 వేల పైచిలుకు చుక్కలు వచ్చాయి. డ్రైవరు వాటిని పటాల సాఫ్ట్‌వేర్లు చదివే షేప్‌ఫైల్‌గా పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చాడు.

'ఏ కంపెనీ మిషన్ ఫైలైనా ఎక్కించండి, మీ చేను దిగుబడి పటం చూసుకోండి' అని మీ కరపత్రంలో ఉంది. ఏడాది చందా 12,000, జీఎస్టీతో కలిపి 14,160 రూపాయలు కట్టాం.

ఫైలు ఎక్కించగానే మా చేను అరేబియా సముద్రంలో తేలింది. గోవాకు పడమర, ఉండాల్సిన చోటికి సుమారు 640 కిలోమీటర్ల దూరంలో. దీనికి కారణం కనిపెట్టడానికి పెద్ద చదువు అక్కర్లేదు. యూటీఎం అనే పటాల కొలతల పద్ధతిలో భూమిని 6 డిగ్రీల పట్టీలుగా విడదీస్తారు. 72 నుంచి 78 డిగ్రీల రేఖాంశం దాకా 43వ పట్టీ, అక్కణ్ణుంచి 84 దాకా 44వ పట్టీ. బెంగళూరు 43లో ఉంది, కోయిలకుంట్ల 44లో ఉంది. ఫైలు 44వ పట్టీ లెక్కలో ఉందని దాని పక్కనే ఉన్న, కొలతల వివరం రాసి ఉండే పీఆర్‌జే ఫైలు చెబుతోంది. మీ సాఫ్ట్‌వేర్ దాన్ని తెరవనే లేదు, అంతా 43 అనుకుని చేనును ఒక పట్టీ పడమరకు జరిపింది. 78వ డిగ్రీ గీత కర్నూలు పట్నానికి కాస్త పడమరగా పోతుంది. ఆ గీతకు తూర్పున, అంటే కర్నూలు నుంచి శ్రీకాకుళం దాకా, యూటీఎంలో ఫైలు ఇచ్చే ప్రతి రైతుకూ ఇదే జరుగుతుంది. అంత మంది తెలుగు రైతులకు అమ్ముతూ ఒక్కసారైనా మీరు దీన్ని పరీక్షించలేదా? నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పనిలోనే ఉన్నాను గనుక అడుగుతున్నాను.

మీ సపోర్టులో మాట్లాడిన అబ్బాయి మర్యాదస్థుడు, అతని మీద నాకు కోపం లేదు. అతను పటాన్ని మౌస్‌తో పట్టుకుని లాగి ఉపగ్రహ ఫొటోలో మా చేను మీద పెట్టాడు. చూపు అందాజాతో పెట్టింది గనుక 9 మీటర్లు పక్కకు పోయింది. 'ఇప్పుడు సరిపోయింది మేడమ్' అని ఫిర్యాదు టికెట్ మూసేశారు.

అసలు ఫిర్యాదు ఇక్కడి నుంచి.

ఆ పటంలో వాగు వెంబడి ఎరుపు పట్టీ వచ్చింది. మీ రంగుల్లో ఎరుపు అంటే దిగుబడి తక్కువ. దారి వైపు చివర కూడా ఎరుపే, కానీ అది ట్రాక్టర్లు తొక్కే చోటు కదా అనుకున్నాం. వాగు పక్క మాత్రం మా తాత కాలం నుంచీ మా చేనుకు గుండెకాయ. వాన ఎగ్గొట్టిన ఏడు కూడా అక్కడ కాయ నిలబడుతుంది. మా నాయన ఫోన్‌లో ఆ ఎరుపు చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్న మాట ఇది: "వాగు కాడ తగ్గిందంట గదా పాపా. ఇన్నేండ్లూ మనమే తప్పుగా అనుకుంటా ఉన్న్యామేమో." నలభై ఏళ్లు ఆ మట్టిలో నడిచిన మనిషి తన కళ్లను అనుమానించుకున్నాడు. ఈ ఉత్తరం రాయడానికి అన్నిటికన్నా పెద్ద కారణం అదే.

ఏప్రిల్‌లో మీ వ్యవసాయ సలహాదారు ఫోన్ చేశారు. పటం చూసి, వాగు పక్క ఎకరంలో నేల సత్తువ తగ్గింది, వేసవిలో చెరువు మట్టి తోలించండి అన్నారు. సలహా ఇచ్చిన తీరు బాగానే ఉంది, ఆధారమే తప్పు. నాయన 40 ట్రాక్టర్ల మట్టి తోలించాడు. ట్రాక్టరుకు 700 చొప్పున 28,000 రూపాయలు. ఆ మట్టి నిజంగా కావలసింది మిట్ట మీది గరప నేలకు. అక్కడికి ఒక్క ట్రాక్టరు కూడా పోలేదు, డబ్బు వాగు పక్క మట్టికే అయిపోయింది.

జూన్‌లో ఒక ఆదివారం ఆ ఫైలును నేనే క్యూజీఐఎస్‌లో తెరిచాను. అది ఉచితంగా దొరికే పటాల సాఫ్ట్‌వేర్. పీఆర్‌జే ఫైలు చదువుకుని మా చేనును ఉన్న చోటనే చూపించింది. తర్వాత చుక్కలను ఒక్కొక్క వరుసగా చూస్తూ పోతే సంగతి అర్థమైంది.

మొక్క కత్తికి తగిలిన క్షణానికీ దాని గింజ పలకను కొట్టే క్షణానికీ మధ్య సమయం పడుతుంది. కత్తి నుంచి లోపలికి పోవాలి, నూర్పిడి కావాలి, జల్లెళ్ల మీద పొట్టు విడిపోవాలి, ఎలివేటర్ ఎక్కాలి. మా మిషన్‌లో దానికి 12 సెకన్లు. గంటకు 4 కిలోమీటర్ల వేగంలో 12 సెకన్లంటే 13 మీటర్లు. అంటే మానిటర్ ఇప్పుడు తూచే గింజ 13 మీటర్ల వెనక కోసింది. దిగుబడి పటం గీసే ఏ సాఫ్ట్‌వేర్ అయినా మొదట చేయవలసిన పని, బరువును అన్ని సెకన్లు వెనక్కు జరపడం. ఆ సవరణ మానిటర్‌లో చేయలేదని, డిలే (ఆ ఆలస్యం) సున్నా అని, ఫైలులోనే రాసి ఉంది. మీరు జరపలేదు, జరపాలా అని అడగనూ లేదు.

ఇప్పుడు మిషన్ వాగు దగ్గర తిరిగి దారి వైపు బయల్దేరిందనుకోండి. మొదటి 13 మీటర్లు కత్తి నిండా పంట కోస్తుంది, పలక మీదికి గింజ రాదు. మానిటర్ సున్నా రాస్తుంది. ఎదురు వరుసలో వాగు వైపుకు వచ్చేటప్పుడు, చివరి 13 మీటర్ల గింజ పలకను చేరేసరికి డ్రైవరు కత్తి పైకెత్తి మలుపు తిప్పుతుంటాడు. కత్తి పైకి ఉన్నప్పటి చుక్కలను మీ సాఫ్ట్‌వేర్ పారేస్తుంది. రెండు విధాలా వాగు పక్క పంట ఆ చోటి లెక్కలోకి రాలేదు. దారి వైపు ఎరుపు కూడా ఇందువల్లే. మిషన్ ఎక్కడ మలుపు తిరిగిందో అక్కడ ఎరుపు వచ్చింది, నేలలో ఏ లోపమూ లేదు. మధ్యలో కూడా ఒక వరుస ఇటు, ఒక వరుస అటు జరిగి, రంగుల అంచులు రంపం పళ్లలా కనబడుతున్నాయి. ఈ పని తెలిసినవాళ్లు ఆ పళ్లు చూడగానే డిలే సరిచేయలేదని పోల్చుకుంటారు.

నేను 8, 10, 12, 14 సెకన్లు జరిపి చూశాను. 12 దగ్గర పళ్లు పోయి అంచులు సాఫీగా కలిశాయి. వాగు వెంబడి ఎరుపు పోయింది. అక్కడ ఎకరానికి 10 క్వింటాళ్లకు పైన వచ్చింది. తక్కువ వచ్చింది మిట్ట మీద, నాయన ఎప్పుడూ చెప్పే చోటనే. ఆ రాత్రే ఫోన్ చేసి చెప్పాను. "మట్టి పోతే పోయింది లేమ్మా" అన్నాడు. నాకు మాత్రం పోయింది అని ఊరుకోవడం చేతకావడం లేదు.

ఇంకొక తప్పు. మీ పటం కింద మా చేను విస్తీర్ణం 25.7 ఎకరాలని, సగటు 6.85 క్వింటాళ్లని ఉంది. మా పాసు పుస్తకంలో 22 ఎకరాలు. కత్తి వెడల్పు 14 అడుగులు. శనగలో కోయని చాలు మిగలకుండా డ్రైవరు ప్రతిసారీ రెండడుగులు కోసిన దాని మీదికి వేసుకుని నడిపాడు, నిజంగా కోసింది 12 అడుగులే. మీరు నడిచిన దూరాన్ని 14తో గుణించారు. చేను పెరిగింది, సగటు పడిపోయింది. కాటా చీటీల ప్రకారం 176 క్వింటాళ్లు, 22 ఎకరాలకు సగటు 8. చీటీ బరువు, చేను విస్తీర్ణం ఈ రెండూ అడిగి పోల్చుకుంటే మీ లెక్కలోని తేడా మీకే తెలిసేది. అవి రాసుకోవడానికి మీ స్క్రీన్‌లో చోటే లేదు.

మా చుక్కలు మాకు తిరిగి ఇమ్మని అడిగితే పీడీఎఫ్ బొమ్మ పంపారు. బొమ్మలో రంగులు ఉంటాయి, లెక్కలు ఉండవు. డ్రైవరు ఇచ్చిన పెన్‌డ్రైవ్‌ను నాయన దాచబట్టి సరిపోయింది. లేకుంటే మీ పటం తప్పని రుజువు చేయడానికి మా చేతిలో ఏమీ ఉండేది కాదు.

నాలుగు మెయిళ్లకు మూడు జవాబులు వచ్చాయి, మూడింటిలోనూ ఒకే మాట: డేటా నాణ్యత మీ బాధ్యత కాదని. మేము ఇచ్చిన డేటాలో లోపం లేదు. పట్టీ నంబరు, డిలే అన్నీ అందులోనే ఉన్నాయి. వాటిని చదవకపోవడం మీ లోపం. ఏదైనా సందేహం ఉంటే పటం మీద 'డిలే సరిచేయలేదు' అని ఒక్క వాక్యం రాసినా నాయన ఆ మట్టి తోలించేవాడు కాదు.

మేము కోరుతున్నవి చెబుతాను. చందా 14,160, మట్టికి అయిన 28,000, మొత్తం 42,160 రూపాయలు తిరిగి ఇవ్వాలి. మా చుక్కలన్నీ షేప్‌ఫైల్‌గానో సీఎస్‌వీ పట్టికగానో ఇవ్వాలి. ఫైలు ఎక్కించే చోట పీఆర్‌జే చదవడం, డిలే సెకన్లు, నిజంగా కోసిన వెడల్పు, కాటా బరువు అడగడం చేర్చాలి. ఇవన్నిటికంటే ముందు, ఈ ఏడాది మీ పటం అందుకున్న రైతులందరికీ తెలుగులో మెసేజ్ పంపాలి, పటం సరిచూసేదాకా దాన్ని బట్టి ఎరువు గానీ మట్టి గానీ వేయొద్దని. అక్టోబరులో మళ్లీ శనగ విత్తనం పడుతుంది. మా పక్క ఊళ్లలో మీ పటం పెట్టుకున్నవాళ్లు ఉన్నారు, వాళ్లు ఇప్పుడు డీఏపీ ఎరువు బస్తాలు లెక్కేసుకుంటున్నారు. ఒక బస్తా 1,350 రూపాయలు. ఆ బస్తా ఏ చాలులో పడాలో మీ రంగు చూసి నిర్ణయించుకుంటారు.

ఉత్తరం అందిన 30 రోజుల్లో జవాబు రాకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవాలోపమని జిల్లా కమిషన్‌కు వెళతాం. ఫిర్యాదుదారు ఉండే చోటనే కేసు వేయవచ్చు గనుక మా వైపే వేస్తాం. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరులో ఫిర్యాదు ఇప్పటికే నమోదు చేశాను.

కాటా చీటీల నకళ్లు, మట్టి తోలిన ట్రాక్టరు యజమాని రాసిచ్చిన రసీదు, మీరిచ్చిన పటం, 12 సెకన్లు సరిచేసి నేను గీసిన పటం జత చేస్తున్నాను. రెండు పటాలనూ పక్కపక్కన పెట్టి మీ ఇంజనీర్లకు చూపించండి. వాళ్లు ఒప్పుకుని చేను చూడాలనుకుంటే రండి, నాయన దగ్గరుండి చూపిస్తాడు. వాన పడకముందు వస్తే మట్టి ఎక్కడ పోశామో ఇంకా కనబడుతుంది.

ఇట్లు,
ఖాతాదారు సంతకం,
ఆయన తరఫున రాసిన కూతురు.