డెడెడో నుంచి మంగిలావ్‌కి మారుతున్నాం, రేట్లు కూడా పెంచుతున్నాం

అందరికీ నమస్కారం.

ముందు అసలు విషయం. పసిఫిక్ సముద్రంలో అమెరికా కింద ఉన్న మన గువామ్ దీవిలో, వచ్చే నెలాఖరుకి డెడెడోలోని మన టిఫిన్ సెంటర్ మూసేసి, మంగిలావ్‌లో యూనివర్సిటీ దగ్గర తెరుస్తున్నాం. అక్కడ 8 డాలర్ల ఇడ్లీ ప్లేటు 9 అవుతుంది, 10 డాలర్ల మసాలా దోసె 11.50. సాంబారు ఎన్నిసార్లు అడిగినా ఎప్పట్లాగే పోస్తాం.

ఎందుకు మారుతున్నామో మీకు తెలియాలి. బిల్డింగు ఓనరు ఆంటీ కింద షాపులన్నీ తీయించి అపార్ట్‌మెంట్లు చేయిస్తున్నారు. ఇక్కడి అమెరికా మిలిటరీ కుటుంబాలు స్థావరం బయట ఇల్లు తీసుకుంటే ప్రభుత్వం ఒక పరిమితి వరకు అద్దె భత్యం ఇస్తుంది. గువామ్‌లో చాలామంది ఓనర్లు ఆ పరిమితి ఎంతో చూసుకుని అద్దె చెబుతారు. టీచరు జీతంతోనో, నా గల్లాపెట్టెతోనో దానికి పోటీ పడలేం.

ఆంటీ మీద నాకు కోపం లేదు. 1944లో అమెరికా సైన్యం జపాన్ నుంచి ఈ దీవిని తిరిగి తీసుకున్నాక ఈ దీవి మూలవాసులైన చమోరోల్లో ఎన్నో కుటుంబాల భూములు సైనిక స్థావరాల కిందికి వెళ్లిపోయాయి. ఆంటీ వాళ్ల అమ్మగారి పొలం కూడా అలాగే పోయింది. ఇవాళ్టికీ దీవిలో పావు వంతుకు పైగా నేల మిలిటరీ చేతిలోనే ఉంది. మిగిలిన ఆ కాస్త స్థలం మీద నాలుగు డబ్బులు చూసుకోవద్దని నేనెలా అంటాను? మాది విశాఖ దగ్గర సముద్రం ఒడ్డు ఊరు. నష్టపరిహారం చేతికొచ్చాక కూడా జనం పోయిన పొలాన్ని పేరు పెట్టి పిలుచుకోవడం చిన్నప్పుడు విన్నాను.

ఇక నా తప్పు. మేము 2009లో ఇక్కడికి వచ్చాం. జపాన్‌లోని ఒకినావా నుంచి 8,000 మంది మెరైన్లనీ (అమెరికా సైనికులు), వాళ్ల కుటుంబాల వాళ్లు 9,000 మందినీ ఇక్కడికి తరలించాలని అమెరికా, జపాన్ 2006లోనే ఒప్పుకున్నాయి. 2014కల్లా అంతా పూర్తవుతుందన్నారు. మేము దిగిన ఏడాదే వచ్చిన పర్యావరణ నివేదికలో, పనులు జోరుగా సాగే రోజుల్లో కూలీలతో, అందరితో కలిపి జనాభా 79,000 దాకా పెరగొచ్చని రాశారు. అప్పటికి దీవిలో ఉన్నది 1,60,000 మంది. ఆ లెక్క చూసి మా ఆయనా నేనూ అప్పు చేసి పెద్ద వంటగది కట్టించాం. 2012లో ఆ సంఖ్య కాస్తా 5,000 మెరైన్లకి, 1,300 కుటుంబ సభ్యులకి దిగిపోయింది. అప్పు మాత్రం దిగలేదు. మూడేళ్లు పొద్దున వంట, సాయంత్రం వేరే చోట ఉద్యోగం చేశాను.

చివరికి ఆ మెరైన్ల కోసం కట్టిన స్థావరం, క్యాంప్ బ్లాజ్, 2020లో మొదలైంది. ఒకినావా నుంచి మొదటి జట్టుగా ఓ వంద మంది వచ్చింది 2024 డిసెంబరులో. మధ్యలో 2023 మే నెలలో మావర్ తుఫాను వచ్చి కరెంటు, నీళ్లు లేకుండా చేసినప్పుడు మా షాపుని నిలబెట్టింది ఈ ఊరివాళ్లూ, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన బిల్డింగు పనివాళ్లూ. అందుకే స్థావరం కాంట్రాక్టరు ఒకాయన రోజూ 300 లంచ్ బాక్సులు అడిగితే 60కే ఒప్పుకున్నాను. 300 ఒప్పుకుంటే పొద్దుటి టిఫిన్ ఆపేయాలి. మళ్లీ ఒకరి లెక్క మీద నా పొయ్యి వెలిగించను.

దీవి ఉత్తర కొసన ఉన్న లిటెక్యన్ దగ్గర మెరైన్ల ఫైరింగ్ రేంజ్ గురించిన కరపత్రం కౌంటరు మీద ఎందుకు పెట్టావని ఇద్దరు ముగ్గురు అడిగారు. ఆ 60 బాక్సులు ఎందుకు ఇస్తున్నావని ఇంకొకరు అడిగారు. రెండూ నా నిర్ణయాలే. ఫైరింగ్ రేంజ్, అంటే తుపాకులు కాల్చి సాధన చేసే చోటు, మొదట పాగట్ దగ్గర పెడతామన్నారు. అక్కడ పాత చమోరో ఊరి లాట్టె రాళ్లు, అంటే ఇళ్ల కింద నిలబెట్టిన రాతి స్తంభాలు, ఉన్నాయి. 2010లో స్థానికులు కోర్టుకెళ్లాక నేవీ మళ్లీ పరిశీలనకి దిగి, 2015లో ఉత్తరాన లిటెక్యన్ పైనున్న మిట్ట నేలని ఎంచుకుంది. తవ్వకాల్లో పూర్వీకుల ఎముకలు బయటపడ్డాయి. ఆ సున్నపురాతి నేల కిందే దీవి తాగే నీళ్లలో ఎక్కువ భాగం ఉంది. నేను పప్పు నానబోసేది ఆ నీళ్లలోనే, మీరు తాగేదీ అవే. ఈ మాట చెప్పే కాగితం నా షాపులో ఉంటుంది. తీసేయను.

ఎన్నికలప్పుడు అభ్యర్థులు మన బల్లల దగ్గరే కూర్చుని స్థావరం ఉద్యోగాలు తెస్తుందనీ, అద్దెలు పెంచుతుందనీ వాదించుకోవడం మీరు చూసే ఉంటారు. రెండూ నిజమే. కానీ ఎంతమంది మెరైన్లు రావాలో గవర్నరు గానీ, ఇక్కడి 15 మంది సెనేటర్లు గానీ తేల్చలేరు. ఈ దీవిలో ఉండేవాళ్లకి అధ్యక్ష ఎన్నికల్లో ఓటు లేదు. వాషింగ్టన్‌కి పంపే ప్రతినిధికి సభలో చట్టాల మీద చివరి ఓటు లేదు. మనవాళ్లలో కొందరు "మనకెందుకు ఈ గొడవ, మనం వచ్చినవాళ్లం" అంటారు. పదిహేనేళ్లకు పైగా వీళ్ల ఉప్పు తింటున్నాను. ఆంటీ ఇచ్చిన డొన్నె అనే ఇక్కడి చిన్న మిరపకాయలతోనే మన పచ్చడి ఘాటెక్కుతోంది. నాకెందుకు అని నేననలేను.

ఇక పనుల సంగతి. నెలవారీ కార్డులు కొత్త చోట చెల్లుతాయి, మిగిలిన రోజులకి పాత రేటే. డెడెడో, పక్కనే ఉన్న యిగో వాళ్లకి శనివారాలు డెలివరీ ఇస్తాం, ముందురోజు సాయంత్రంలోగా చెప్పండి. మంగిలావ్ వంటగది చిన్నది కాబట్టి మొదటి నెల పెసరట్టు ఆదివారమే.

వెనకాల ఉన్న పెద్ద కరివేపాకు చెట్టుని కదిలించలేం. ఆంటీ దాన్ని కొట్టించనని మాటిచ్చి, కాంపౌండు గోడ కాస్త పక్కకి జరిపించుకున్నారు. దాని మొక్కలు పదకొండు డబ్బాల్లో పెట్టాను. కావాల్సినవాళ్లు మూసేలోపు వచ్చి పట్టుకెళ్లండి, డబ్బేమీ వద్దు.