జూన్ నుంచి మన ట్యూషన్: మీకు తిరిగి ఇవ్వాల్సిన డబ్బు, మారుతున్న ఫీజు

అందరికీ నమస్కారం. హనుమకొండలో మా ఇంటి ముందుగదిలో ఇంటర్ ఎంపీసీ పిల్లలకు లెక్కలు, ఫిజిక్స్ చెప్పడం మొదలుపెట్టి ఈ జూన్‌కి తొమ్మిదేళ్లు. గంటకి ఒక్కరే అని మొదటి రోజే మీ అందరికీ చెప్పుకున్నాను. పోయిన జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఆ మాట తప్పాను.

సంక్రాంతి దాటాక ఎంత హడావిడో మీకు తెలుసు. జేఈఈ మెయిన్ మొదటి సెషన్, ప్రాక్టికల్స్, వెనకే ఐపీఈ, అంటే ఇంటర్ పబ్లిక్ పరీక్షలు. ‘సార్, ఈ నెల రోజులైనా మా వాణ్ణి చూడండి’ అని ఫోన్ చేస్తే కాదనలేకపోయాను. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా గంటకి ఇద్దరేసి చొప్పున కూర్చోబెట్టాను. ఫీజు మాత్రం గంటకి 500, ఇద్దరి దగ్గరా పూర్తిగా తీసుకున్నాను. కొందరికి పిల్లలు చెప్పే ఉంటారు. చెప్పాల్సింది నేను.

దాని వల్ల ఏం నష్టం జరిగిందో ఒక్కటి చెబుతాను. జనవరి చివర్లో ఒక ఫస్టియర్ అబ్బాయికి ఫ్రిక్షన్ (ఘర్షణ) చెబుతున్నాను. పక్కన ఇంకో అమ్మాయి డీసీలు, డీఆర్‌ల (గీత ఏ దిశలో ఉందో చెప్పే సంఖ్యల) మీద 7 మార్కుల లెక్క చేస్తోంది. అబ్బాయికి ఇచ్చింది చిన్న లెక్కే: గచ్చు మీద 2 కిలోల దిమ్మ, స్టాటిక్ ఫ్రిక్షన్ గుణకం మ్యూ 0.5, 5 న్యూటన్లతో తోస్తే ఫ్రిక్షన్ ఎంత? మ్యూ ఇంటూ ఎంజీ (దిమ్మ బరువు) వేసి 9.8 అని రాశాడు. నా ధ్యాస అమ్మాయి నోట్‌బుక్ మీద ఉంది. సూత్రం చూసి టిక్ పెట్టేశాను.

మూడు వారాల తర్వాత ఆ అబ్బాయి ఒక్కడే వచ్చిన రోజు, అలాంటి లెక్కే ఇస్తే మళ్లీ అదే తప్పు. బల్ల మీద లావుపాటి డిక్షనరీ పెట్టి, వేలితో మెల్లగా తోయమన్నాను. కదల్లేదు. ‘నువ్వు 5తో తోస్తుంటే బల్ల 9.8తో వెనక్కి తోస్తోందనుకో, పుస్తకం నీ మీదికి రావాలి కదరా’ అన్నాను. కాసేపు పుస్తకం వంకే చూశాడు. ‘అయితే మనం ఎంత తోస్తే అంతే ఆపుతుందా సార్?’ అన్నాడు. అవును, 9.8 దాకా అంతే, అది దాటితే కదులుతుంది. ఆ ప్రశ్న వాడి నోటి నుంచి రావడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. జనవరిలో ఆ పది నిమిషాలు వాడికివ్వలేకపోయాను. మూడు వారాలు ఆ తప్పునే గట్టి చేసుకున్నాడు, నా టిక్కు చూసుకుని.

సూత్రాలు కాలేజీ మెటీరియల్‌లో ఉన్నాయి. పిల్ల ఎక్కడ పొరపాటుగా ఆలోచిస్తోందో పక్కన కూర్చుని చూడటానికే మీరు నా దగ్గరికి పంపుతున్నారు. నిండిన సెక్షన్‌లో లెక్చరర్‌కి అది కుదరని పని, ఆయన్ని అనడానికి లేదు.

ఇద్దరేసి కూర్చున్న గంటలన్నీ నా డైరీలో ఉన్నాయి. 12 మంది పిల్లలు, అందరివీ కలిపి 124 గంటలు. గంటకి 250 చొప్పున మొత్తం 31,000 రూపాయలు. నెలాఖరులోగా ఎవరిది వాళ్లకి ఫోన్‌పే చేస్తాను. మీ లెక్కకీ నా లెక్కకీ తేడా ఉంటే మీ లెక్కే ఖాయం.

జూన్ నుంచి రోజుకి ఐదు గంటలు, వారానికి ఆరు రోజులే చెబుతాను. ఒక్కొక్కరికి వారానికి రెండు గంటలు కాబట్టి 15 మంది కంటే పట్టరు. సెకండియర్‌కి వెళ్తున్న మన 9 మందికి చోటుంది, వాళ్లకి పాత ఫీజే. కొత్తగా 6 మందిని తీసుకుంటాను, గంటకి 600. పెంచక తప్పలేదు, పెంచినా పోయినేడాది కంటే నాకు తక్కువే వస్తుంది. జనవరిలో మాత్రం ఎవరు అడిగినా అదనంగా చేర్చుకోను.

కొత్తగా చేరేవాళ్లకి మొదటి రెండు వారాలు పాఠం మొదలుపెట్టను. భిన్నాలు, సమీకరణాలు, త్రికోణమితి విలువలు, గ్రాఫ్ గీయడం, ఇవే. ‘పోర్షన్ ఎప్పుడవుతుంది’ అని అప్పుడే అడగకండి. జేఈఈ అడ్వాన్స్‌డ్ స్థాయికి నేను చెప్పలేను, ఆ ఆశ ఉన్నవాళ్లు వేరే చోట చేర్పించండి.

ఇంకో మాట. రాష్ట్ర ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, అందులో 80 లెక్కలే, షార్ట్‌కట్‌లు కావాలనిపించడం సహజం. తెలంగాణలో ఆ ర్యాంకుకి ఇంటర్ మార్కుల వెయిటేజీ తీసేశారు కాబట్టి ఐపీఈలో పాసైతే చాలని చాలామంది అంటున్నారు. మన పక్కనే ఉన్న వరంగల్ ఎన్ఐటీలో బీటెక్ సీటు జేఈఈ మెయిన్ ర్యాంకుతో వస్తుంది. అయినా ఇంటర్‌లో 75 శాతం, ఎస్సీ, ఎస్టీ పిల్లలకైతే 65 శాతం ఉండాలి, లేదంటే తమ బోర్డులో టాప్ 20 పర్సెంటైల్‌లో ఉండాలి. ర్యాంకు వచ్చాక మార్కుల దగ్గర ఆగిపోతే ఆ పిల్లల బాధ చూడలేం. అందుకే మార్చిలో ఐపీఈ అయ్యేదాకా నా దగ్గర షార్ట్‌కట్‌లు ఉండవు, స్టెప్పులన్నీ రాయాల్సిందే.

వచ్చే ఆదివారం పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా ఇంట్లోనే ఉంటాను. నన్ను నాలుగు మాటలు అనాలనిపించినా రండి. కొత్తవాళ్లు పిల్లల్ని వెంటబెట్టుకుని రండి. మార్కుల మెమో అక్కర్లేదు, కొట్టివేతలున్న రఫ్ నోట్‌బుక్ తెస్తే చాలు.